బస్టాండ్ పక్కనే ఇల్లు: ఆల్కహాల్ బస్సులొస్తే పొగ బాధ తీరుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇల్లు బస్టాండ్ వెనక సందులో ఉంది, బాబుకి ఆస్తమా, పొద్దున్నే కిటికీ తీస్తే డీజిల్ పొగ. ఇథనాల్ బస్సులు, మిథనాల్ బస్సులు, అంటే రెండు రకాల ఆల్కహాల్‌తో నడిచేవి, వస్తాయని వార్తల్లో చూశారు. అవి వస్తే ఈ పొగ పోతుందా, వాటి సైలెన్సర్‌లోంచి అసలు ఏం బయటికొస్తుంది, సారా వాసన కొడుతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. నల్లపొగ దాదాపుగా పోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు, అంటే మేము నాక్స్ అనేవి, తగ్గుతాయి. కానీ డీజిల్‌లో ఇంత లెక్కలో రాని ఆల్డిహైడ్లు, అంటే ఆల్కహాల్ సగం కాలితే పుట్టే ఘాటు వాయువులు, వస్తాయి. అవి కంటికి కనపడవు, కంట్లో మాత్రం మండుతాయి. వాటిని ఆపాల్సింది సైలెన్సర్ ముందుండే క్యాటలిటిక్ కన్వర్టర్, చెడు వాయువుల్ని విరగ్గొట్టే డబ్బా. అది వేడెక్కి ఉంటేనే పనిచేస్తుంది. మీ సందులో బస్సులు ఆగి ఉన్నది చల్లటి ఇంజిన్లతో, స్లోలో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతూ. కాబట్టి ఆల్కహాల్ బస్సుకి మీ ఇంటి పక్క చోటు అంత అచ్చొచ్చేది కాదు. పాత బస్సు పోయి ఏ కొత్త బస్సు వచ్చినా బాబుకి మేలే. ఆ కొత్త బస్సు ఆల్కహాల్‌దా, బీఎస్-6 (2020 నుంచి అమల్లోకొచ్చిన కాలుష్య హద్దులు) డీజిల్‌దా అన్నది రెండో సంగతి.

నా సంగతి ఒక్క ముక్క. మా నాన్న ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్. నేను ఇంజిన్ టెస్టింగ్ ల్యాబుల్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను, అందులో సగానికి పైగా ఎగ్జాస్ట్ కొలవడమే నా పని. మధ్యలో ఏడాదిన్నర స్వీడన్‌లో ఉన్నాను. ఆస్తమాకి ఏం చెయ్యాలో మీ డాక్టరు చెప్పాలి, నేను సైలెన్సర్ వరకే చెప్పగలను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు అనుకుంటా, ఒక డిసెంబరు పొద్దున. టెస్ట్ గదిలో మిథనాల్‌తో నడిచే ఇంజిన్ పెట్టాం. స్మోక్ మీటరు గొట్టం సైలెన్సర్‌లో దూర్చి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కాం. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం డీజిల్ బండికి చేసేదీ అదే పరీక్ష. మీటరు సున్నా చూపించింది. రెండోసారి, సున్నా. మూడోసారీ సున్నానే. మా టెక్నీషియన్ మీటరుని తట్టి "సార్, ఇది పోయినట్టుంది" అన్నాడు. పక్క గదిలోని డీజిల్ ఇంజిన్ దగ్గరికి తీసుకెళ్లి చూస్తే బ్రహ్మాండంగా పనిచేస్తోంది. సరే, ఇంత శుభ్రమైన ఇంజిన్ అని మేమంతా సంబరపడి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వెయ్యకుండా నిలబడ్డాం. ఐదు నిమిషాల్లో అందరి కళ్లలోంచి నీళ్లు. ఉల్లిపాయలు కోసినట్టు కాదు, ఇంటర్‌లో జువాలజీ ల్యాబ్ తలుపు తీయగానే కొట్టే ఘాటు గుర్తుందా, సీసాల్లో కప్పల్నీ పాముల్నీ నిల్వ ఉంచే ఫార్మలిన్, అచ్చం అది. వాసనే కాదు, పదార్థం కూడా అదే. ఫార్మలిన్ అంటే నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడ్. మిథనాల్ సగం కాలితే వచ్చేది ఫార్మాల్డిహైడే.

ఆ రోజు నుంచి ఎవరైనా "పొగ రాని బస్సు" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న: దేంతో కొలిచారు?

ఎందుకంటే పొల్యూషన్ పరీక్షలో డీజిల్ బండికి చూసేది పొగ ఎంత వెలుతుర్ని అడ్డుకుంటోందన్నదే. ఆ అడ్డుకి ఒక అంకె ఉంటుంది, బీఎస్-4 బండికి హద్దు 1.62, బీఎస్-6కి 0.7. మసి ఉంటే వెలుతురు ఆగుతుంది. ఫార్మాల్డిహైడ్ రంగులేని వాయువు, ఎంత ఉన్నా వెలుతురు నేరుగా దూసుకుపోతుంది. ఇంకో చిక్కు ఉంది. పెద్ద ల్యాబుల్లో కాలని ఇంధనాన్ని కొలవడానికి వాడే యంత్రం, చిన్న హైడ్రోజన్ మంటలో ఎగ్జాస్ట్‌ని కాల్చి లెక్కగట్టేది, డీజిల్, పెట్రోల్ ఆవిరిని బాగా పట్టుకుంటుంది. ఆల్కహాల్‌ని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. ఫార్మాల్డిహైడ్‌ని దాదాపు చూడనే చూడదు. అందుకే ఆల్కహాల్ ఇంజిన్లకి వేరే పద్ధతి ఉంది. ఎగ్జాస్ట్‌లో కొంత భాగాన్ని ఒక రసాయనం పూసిన చిన్న గొట్టం గుండా పంపుతారు, ఆల్డిహైడ్లు దానికి అతుక్కుంటాయి, తరవాత ల్యాబులో కడిగి విడదీసి కొలుస్తారు. ఆల్కహాల్‌ని పట్టడానికి ఎగ్జాస్ట్‌ని నీళ్లలోంచి బుడగలుగా పంపుతారు. ఇదంతా ఖర్చు, ఆలస్యం. రోడ్డు పక్క పొల్యూషన్ వ్యాన్‌లో అయ్యే పని కాదు. అమెరికా 1989లోనే మిథనాల్ వాహనాలకి ఆల్కహాల్, ఆల్డిహైడ్లు కలిపి లెక్కగట్టే నిబంధన తెచ్చింది. బ్రెజిల్ ఇథనాల్ కార్ల దేశం కాబట్టి, 1990ల నుంచే కార్ల ఆల్డిహైడ్లకి విడిగా హద్దు పెట్టుకుంది.

ఇప్పుడు నల్లపొగ ఎందుకు పోతుందో చూద్దాం, ఇందులో ఆల్కహాల్ గొప్పతనం నిజంగానే ఉంది.

డీజిల్ ఇంజిన్లో నూనె తుంపరగా పడి కాలుతుంది. తుంపర మధ్యలో గాలి అందదు. అక్కడ పెద్ద పెద్ద కార్బన్ గొలుసులు విరిగి, మళ్లీ ఉంగరాల్లా ముడిపడి మసి అవుతాయి. వత్తి ఎక్కువగా ఎక్కించిన కిరసనాయిలు దీపం బుడ్డి నల్లబడ్డట్టే. మిథనాల్ అణువులో ఉన్నదే ఒక్క కార్బన్. గొలుసు కట్టడానికి దానికి తోడు లేదు. పైగా బరువులో సగం ఆక్సిజనే. ఇథనాల్‌లో రెండు కార్బన్లు, బరువులో 35 శాతం దాకా ఆక్సిజన్. గాలి అందకపోయినా వెంట తెచ్చుకున్న ఆక్సిజన్ కొంత ఆదుకుంటుంది. అందుకే స్పిరిట్ స్టవ్ మీద పెట్టిన గిన్నె అడుగు నల్లబడదు.

నాక్స్ తగ్గడానికి కారణం వేరు. ఇంజెక్షన్ వేసే ముందు నర్సు దూదితో స్పిరిట్ రాస్తే చెయ్యి చల్లబడుతుంది కదా, సిలిండర్లోనూ అదే జరుగుతుంది. ఒక కిలో డీజిల్ ఆవిరవ్వడానికి దాదాపు 250 కిలోజౌళ్ల వేడి చాలు. ఇథనాల్‌కి 900 పైచిలుకు, మిథనాల్‌కి 1100 దాకా కావాలి. ఆ వేడిని లోపలి గాలి నుంచే లాక్కుంటుంది. మంట వేడి తగ్గితే నైట్రోజన్, ఆక్సిజన్ కలిసే తొందర తగ్గుతుంది.

ఆ చల్లదనమే మళ్లీ కొంప ముంచుతుంది. డీజిల్‌ని గాలిలో నొక్కితే దానంతట అదే అంటుకోవాలి, ఆ గుణాన్ని సీటేన్ అంకెతో చెప్తారు. మన బీఎస్-6 డీజిల్‌కి కనీసం 51 ఉండాలి. ఇథనాల్‌కి 8 చుట్టుపక్కల, మిథనాల్‌కి ఇంకా తక్కువ. అంటే మామూలు డీజిల్ ఇంజిన్లో ఉత్త ఇథనాల్ పోస్తే అంటుకోదు. అంటుకోకపోయినా, గోడల పక్కన చల్లగా ఉన్నచోట సగం కాలినా బయటికి పోయేది ఆల్కహాల్, ఆల్డిహైడ్, కార్బన్ మోనాక్సైడ్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, లోడు లేనప్పుడు ఇది బాగా ఎక్కువ. లోడు పడి వేడెక్కాక బాగా తక్కువ. కాబట్టి "ఈ బస్సు ఇంత వదులుతుంది" అని ఒకే అంకె చెప్పేవాళ్లని నమ్మకండి. ఏ వేగంలో, ఏ వేడిలో అని అడగండి.

స్వీడన్ ఈ తిప్పలన్నీ పడి గట్టెక్కిన దేశం. స్టాక్‌హోమ్‌లో 1990 ప్రాంతం నుంచి ఇథనాల్ సిటీ బస్సులు తిరిగాయి, ఒక దశలో వందల సంఖ్యలో. ఇంజిన్లు స్కానియావి. ఇంధనం పేరు ఈడీ95. ఎక్కువ భాగం కాస్త నీళ్లున్న ఇథనాల్, దాంట్లో అంటుకునే గుణం పెంచే మందు ఐదు శాతం దాకా, తుప్పు పట్టకుండా ఇంకొంచెం, ఎవరూ తాగకుండా చెడగొట్టే మందు ఇంకొంచెం. ఇంజిన్లో గాలిని నొక్కే నిష్పత్తి డీజిల్ బస్సులో 18 దగ్గర ఉంటే, వీటిలో 28. అంత నొక్కితేనే ఇథనాల్ నమ్మకంగా అంటుకుంటుంది.

నేనున్నది ఊరి శివార్లలో. జనవరిలో బస్టాప్‌లో నిలబడితే, బస్సు ఆగి బయల్దేరేటప్పుడు ముక్కుకి పుల్లటి వాసన తగిలేది. మొదటి వారం ఎవరో పచ్చళ్ల వెనిగర్ ఒలకబోశారనుకున్నాను. తరవాత తెలిసింది, అది బస్సుదే. పాత బస్సుల మీద ఆ ఊరి వాళ్లకీ ఇదే ఫిర్యాదు. కారణం మన కల్లు ముంతలో ఉంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది, అలాగే వదిలేస్తే పుల్లగా మారిపోతుంది. అక్కడ సూక్ష్మజీవులు చేసే పనిని ఇక్కడ కన్వర్టర్‌లోని గోరువెచ్చటి క్యాటలిస్ట్ చేస్తుంది. ఇథనాల్ ముందు ఎసిటాల్డిహైడ్ అవుతుంది, అది ఎసిటిక్ ఆమ్లం అవుతుంది, వెనిగర్‌లో ఉండేది అదే. క్యాటలిస్ట్ బాగా వేడెక్కి ఉంటే ఈ మెట్లన్నీ దాటించి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి దాకా తీసుకెళ్తుంది. సగం వేడిలో ఉంటే సగం మెట్టు మీదే వదిలేస్తుంది. వేడి చాలని క్యాటలిస్ట్ వల్ల ఆల్డిహైడ్ ఇంకాస్త పెరగొచ్చు కూడా. ఇది విన్నప్పుడు మా జూనియర్లు ఎవరూ మొదట నమ్మరు.

మీ సందు సంగతికి ఇది నేరుగా తగులుతుంది. క్యాటలిస్ట్ పని మొదలుపెట్టడానికి 200 నుంచి 250 డిగ్రీల వేడి కావాలి. స్లోలో నిలబడ్డ బస్సు ఎగ్జాస్ట్ తరచుగా 150 డిగ్రీలు కూడా దాటదు. తెల్లవారుజామున నాలుగున్నరకి డ్రైవర్లు బళ్లు స్టార్ట్ చేసి, బ్రేకులకి ఎయిర్ ఎక్కాలని పదిహేను నిమిషాలు వదిలేసి టీకి వెళ్తారు. మా నాన్న డిపోలో నేను చిన్నప్పటి నుంచీ చూసిన దృశ్యం అది. డీజిల్ బస్సయితే ఆ పదిహేను నిమిషాలూ మసి, నాక్స్. ఆల్కహాల్ బస్సయితే ఆల్డిహైడ్లు. హైవే మీద ఎనభైలో పోయే బస్సు పక్కన ఇల్లుంటే నా జవాబు ఇంకాస్త ఉత్సాహంగా ఉండేది.

ఆల్డిహైడ్లంటే భయపడాలా? భయం కాదు, లెక్క కావాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఫార్మాల్డిహైడ్‌ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. అదే సంస్థ 2012లో డీజిల్ ఇంజిన్ పొగ మొత్తాన్నీ అదే మొదటి వర్గంలో పెట్టింది. ఎసిటాల్డిహైడ్ రెండు మెట్ల కింద, కలిగించొచ్చేమో అన్న వర్గంలో ఉంది. ఈ వర్గం చెప్పేది రుజువు ఎంత గట్టిదన్నదే, ఎంత పీలిస్తే ఎంత ప్రమాదం అన్నది కాదు. కళ్లకీ ముక్కుకీ గొంతుకీ వెంటనే మంట పుట్టించే గుణం మాత్రం ఫార్మాల్డిహైడ్‌కే ఎక్కువ, ఆస్తమా ఉన్నవాళ్లకి అది ముందు తెలుస్తుంది. అందువల్ల నా దృష్టిలో మిథనాల్ కంటే ఇథనాల్ నయం, బస్టాండ్ పక్కన ఇంకా నయం.

అమెరికా అనుభవం వేరే పాఠం. అక్కడ 1980ల చివర్లో, 90ల మొదట్లో మిథనాల్ మీద పెద్ద ఆశ. లాస్ ఏంజెలెస్ రవాణా సంస్థ 300కు పైగా మిథనాల్ బస్సులు నడిపింది. ఇంజిన్ డెట్రాయిట్ డీజిల్ వాళ్ల టూ స్ట్రోక్, దాన్నే మార్చి నొక్కే నిష్పత్తి 23కి పెంచి, అంటించడానికి గ్లో ప్లగ్గులు పెట్టారు. ఎగ్జాస్ట్ వరకు చూస్తే అది గెలిచింది. నాక్స్ అప్పటి డీజిల్ ఇంజిన్లో సగం కంటే తక్కువ, మసి కొద్దిగా. ఆ కొద్దిగా వచ్చింది కూడా ఎక్కువగా మిథనాల్‌ది కాదు, టూ స్ట్రోక్ ఇంజిన్లోకి జారే ఇంజిన్ ఆయిల్‌ది.

ఓడిపోయింది గ్యారేజీలో. మిథనాల్ లోహాల్ని తింటుంది, రబ్బరుని ఉబ్బిస్తుంది, డీజిల్‌కున్న జిడ్డు దానికి లేదు కాబట్టి ఇంజెక్టర్లు అరిగిపోతాయి. ఇంజిన్లు పాడవడం ఎక్కువై 1990ల మధ్యలో ఆ బస్సుల్ని ఇథనాల్‌కి మార్చారు. అదీ నిలబడలేదు, ఆల్కహాల్‌ని వదిలేశారు. ఇల్లినాయ్‌లోని పియోరియా, మినియాపొలిస్ లాంటి ఊళ్లలో ఇథనాల్ బస్సులు నడిచాయి. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు బస్సుని నిలబెట్టి రోలర్ల మీద తిప్పే టెస్ట్ ల్యాబునే లారీల మీద ఊరూరా తీసుకెళ్లి డిపోల్లో కొలిచారు. నాక్స్, మసి తగ్గాయి. కాలని ఇంధనం, కార్బన్ మోనాక్సైడ్ చాలాసార్లు డీజిల్ కంటే ఎక్కువొచ్చాయి, బస్సుకీ బస్సుకీ పొంతన లేకుండా.

ఆ పొంతన లేకపోవడం దగ్గరే నా అనుభవం కలుస్తుంది. ఒక ప్రయోగంలో ఆల్కహాల్ కలిపిన ఇంధనంతో నడిచిన ఒకే రకం బళ్లు రెండు మా దగ్గరికొచ్చాయి. ఒకటి ముత్యంలా ఉంది. రెండోదానిలో కార్బన్ మోనాక్సైడ్ విపరీతం. ఒకరోజంతా తల పట్టుకున్నాక ఫ్యూయల్ ఫిల్టర్ విప్పితే అడుగున తెల్లటి జిగురు, సున్నపు ముద్దలా. ట్యాంకు మూత వాషరు సరిగ్గా కూర్చోక రాత్రి తేమ లోపలికి పోయింది, అల్యూమినియం పైపు తుప్పు పట్టి ఆ తుప్పు ఇంజెక్టరు దాకా వెళ్లింది. తుంపర పడాల్సిన చోట చుక్కలు పడ్డాయి. నలభై రూపాయల వాషరు. ఆ బస్సు ఎగ్జాస్ట్ నివేదికలో "ఇంధనం వల్ల కార్బన్ మోనాక్సైడ్ పెరిగింది" అని రాసేసేవాళ్లమే, విప్పకపోయుంటే. ఆల్కహాల్ బస్సు ఎంత శుభ్రంగా ఉంటుందన్నది ఇంధనం కంటే గ్యారేజీ మీద ఎక్కువ ఆధారపడుతుంది. డీజిల్ ఇంజిన్ నిర్లక్ష్యాన్ని కొంత ఓర్చుకుంటుంది, ఆల్కహాల్ ఇంజిన్ ఓర్చుకోదు.

మన దేశం దగ్గరికొద్దాం. 2014లో నాగ్‌పూర్‌లో స్కానియా ఇథనాల్ బస్సు మొదలైంది, తరవాత మరికొన్ని వచ్చాయి, 2018లో ఆగిపోయాయి. ఆగింది పొగ ఎక్కువై కాదు, డబ్బు లెక్కలు కుదరక. బెంగళూరు సిటీ బస్సుల్లో 2023లో 15 శాతం మిథనాల్ కలిపిన డీజిల్‌తో ప్రయోగం మొదలుపెట్టారు. ఈ రెండూ ఒకటి కాదని గమనించండి. నాగ్‌పూర్‌ది దాదాపు పూర్తి ఇథనాల్, వేరే ఇంజిన్. బెంగళూరుది మామూలు డీజిల్ ఇంజిన్లో కలిపి పోసేది. వార్తల్లో రెండింటినీ "ఆల్కహాల్ బస్సు" అనే రాస్తారు. కలిపి పోసేదానిలో మసి కొంత తగ్గుతుంది. స్లోలో కార్బన్ మోనాక్సైడ్, కాలని ఇంధనం కొంత పెరగొచ్చు. నాక్స్ పెద్దగా మారదు. ఇంకో తలనొప్పి, మిథనాల్ డీజిల్‌లో తనంతట తాను కలవదు, కలిపి ఉంచే మందు కావాలి. నీళ్లు తగిలితే విడిపోతుంది. ఇథనాల్‌కీ ఆ జబ్బు కొంత ఉంది. అందుకే ఈ మధ్య ఐసోబ్యూటనాల్ పేరు వినపడుతోంది, అది నాలుగు కార్బన్ల ఆల్కహాల్, డీజిల్‌తో బాగా కలుస్తుంది.

ఇక అసలు మాట. ఆల్కహాల్ బస్సుని దేంతో పోలుస్తున్నాం? 1990లో స్టాక్‌హోమ్ పోల్చుకున్నది ఫిల్టరు లేని పాత డీజిల్ బస్సుతో. ఆ పోలికలో ఆల్కహాల్ ఏనుగు, డీజిల్ ఎలుక. ఇప్పుడు మన దగ్గర అంకెలు చూడండి. పెద్ద డీజిల్ ఇంజిన్లకి బీఎస్-3లో ఒక కిలోవాట్ గంట పనికి మసి హద్దు 0.10 గ్రాములు, బీఎస్-4లో 0.02, బీఎస్-6లో 0.01. నాక్స్ బీఎస్-3లో 5 గ్రాములు, బీఎస్-4లో 3.5, బీఎస్-6లో 0.40. అంటే 2020 ఏప్రిల్ తరవాత తయారైన డీజిల్ బస్సులో మసి ఫిల్టరు, యూరియా నీళ్లు చల్లి నాక్స్‌ని విరగ్గొట్టే ఏర్పాటు ఉన్నాయి. ఆల్కహాల్ ఇంధనంగా ఇచ్చే లాభంలో ఎక్కువ భాగాన్ని ఈ పరికరాలు ముందే ఇచ్చేశాయి. బీఎస్-6 ఆల్కహాల్ బస్సు, బీఎస్-6 డీజిల్ బస్సు పక్కపక్కన పెడితే మీ కిటికీ దగ్గర మీకు పెద్ద తేడా తెలియదు. బీఎస్-3 పల్లెవెలుగు పక్కన ఆ రెండింట్లో ఏది పెట్టినా తేడా రాత్రికీ పగలుకీ ఉన్నంత. ఒక్క హెచ్చరిక: యూరియా విధానం కూడా వేడెక్కాకే సరిగ్గా పనిచేస్తుంది. స్లోలో నిలబడ్డ ఏ బస్సూ సాధువు కాదు.

మరి ప్రభుత్వాలు ఆల్కహాల్ వెంట ఎందుకు పడుతున్నాయంటే, చమురు దిగుమతి బిల్లు ఒకటి, కార్బన్ డయాక్సైడ్ ఒకటి. సైలెన్సర్ దగ్గర కొలిస్తే కార్బన్ డయాక్సైడ్‌లో తేడా చాలా తక్కువ. ఒక మెగాజౌల్ వేడికి డీజిల్ 74 గ్రాములు వదిలితే ఇథనాల్ 71, మిథనాల్ 69. లాభమంతా చెరకు, మొక్కజొన్న పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్న కార్బనే తిరిగి వదులుతున్నాం అన్న లెక్కలో ఉంది. ఆ లెక్కలో ఎరువులు, బోరు మోటార్లు, ఫ్యాక్టరీ బాయిలర్ కూడా కలపాలి. బొగ్గు నుంచి తీసిన మిథనాల్ అయితే ఈ లాభం ఉండదు, తిరగబడుతుంది కూడా. మన హైదరాబాద్‌లోనే బీహెచ్‌ఈఎల్ బొగ్గు నుంచి రోజుకి పావు టన్ను మిథనాల్ తీసే చిన్న ప్లాంటు పెట్టింది. సాంకేతికంగా అది మంచి పనే, మన బూడిద ఎక్కువున్న బొగ్గుతో చెయ్యడం తేలిక కాదు. పర్యావరణ లెక్క మాత్రం విడిగా వెయ్యాలి. ఇథనాల్ ఫ్యాక్టరీల సంగతి, వాటి మీద పోరాడిన నారాయణపేట జిల్లా చిత్తనూరు వాళ్లని, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వాళ్లని అడిగితే ఇంకో కోణం చెప్తారు. బస్టాండ్‌లో తగ్గిన పొగ ఎక్కడో పల్లెలో వాసనగా, మురుగు నీళ్లుగా తేలకూడదు కదా.

డిపో వాళ్లకి ఇంకో బాధ, కేఎంపీఎల్, అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లన్న లెక్క. లీటరుకి ఐదు కిలోమీటర్లిచ్చే బస్సు ఇథనాల్ మీద మూడే ఇస్తుంది, మిథనాల్ మీద రెండు చిల్లర. అది ఇంజిన్ తప్పు కాదు, లీటరులో ఉన్న శక్తే అంత. కానీ డ్రైవరు కేఎంపీఎల్‌ని బట్టి మెప్పూ మెమో ఇచ్చే చోట ఈ విషయం ముందే అందరికీ చెప్పకపోతే గొడవలవుతాయి.

మీరు ఇప్పుడు చెయ్యగలిగినవి రెండే కనపడుతున్నాయి. ఒకటి, మీ సందు వైపు రాత్రిళ్లు నిలిపే బస్సులు ఏ ఏడాదివో చూడండి. 2020 ముందువయితే, వాటిని అవతలి ప్లాట్‌ఫారం వైపు పెట్టి బీఎస్-6 బళ్లని మీ వైపు పెట్టమని డిపో మేనేజర్‌కి అర్జీ ఇవ్వండి. బస్సులు మార్చమని అడిగితే అది ఆయన చేతిలో లేని పని. నిలిపే చోటు మార్చడం ఆయన చేతిలోనిదే. రెండు, తెల్లవారుజామున ఇంజిన్లు స్లోలో వదిలే సమయం తగ్గించమనండి. ఎయిర్ లీకులు లేకుంటే ఐదు నిమిషాల్లో బ్రేకుకి ప్రెషర్ ఎక్కుతుంది. పదిహేను నిమిషాలు పడుతోందంటే ఆ బస్సులో ఎక్కడో ఎయిర్ పోతోందని అర్థం, ఈ మాట గ్యారేజీలో ఎవరికి చెప్పినా ఒప్పుకుంటారు. డీజిల్ కూడా మిగులుతుంది కాబట్టి ఈ అర్జీకి వాళ్లు చెవి ఒగ్గుతారు. నాలుగున్నర నుంచి ఆరు దాకా ఆ వైపు కిటికీ మూసి ఉంచండి. చలికాలంలో పొగ పైకి లేవకుండా నేలబారుగా ఉండిపోతుంది, అప్పుడు మరీ ముఖ్యం.

సారా వాసన గురించి అడిగారు. ట్యాంకులో పోసేటప్పుడు, మూత తీసినప్పుడు వస్తుంది. సైలెన్సర్ దగ్గర, ఇంజిన్ వేడెక్కాక రాకూడదు. చల్లటి పొద్దున మొదటి రెండు మూడు నిమిషాలు కొద్దిగా వచ్చి పోతే పట్టించుకోకండి. ఎండలో తిరిగొచ్చిన బస్సు వెనక కూడా సారా వాసన గుప్పుమంటే మాత్రం ఇంజెక్టరు కారుతోందనో, సిలిండరు ఒకటి అంటుకోవట్లేదనో అర్థం. బస్సు నంబరు రాసుకుని గ్యారేజీలో ఇవ్వండి.